మెట్ల కింది వాల్వు

ఆ రోజుకు మామయ్య వేసుకున్న ప్రణాళికలో మూడే పనులున్నాయి. తొమ్మిదింటికల్లా స్నానాలూ ఫలహారాలూ ముగించడం ఒకటి. కంప్యూటరు ముందు రెండు కుర్చీలు వెయ్యడం రెండోది. సరిగ్గా పది గంటల నలభై నిమిషాలకు భార్యను అందులో ఒక కుర్చీ మీద కూర్చోబెట్టి, ఇరవై ఏడేళ్ళుగా ఆవిడ చూడలేకపోయినదాన్ని చూపించడం మూడోది. పెద్ద పెద్ద పథకాలు చెడిపోయాయంటే అర్థముంది. ఇంత చిన్నది ఎలా చెడుతుందో ఆయన ఊహకు అందలేదు. అందకపోవడం ఆయన తప్పూ కాదు.

నాలుగు వాటాల ఆ మేడలో అందరికీ ఆయన మామయ్య, ఆవిడ అత్తయ్య. అన్నిటికంటే పై వాటా వాళ్ళది. మామయ్య నీటి సరఫరా శాఖలో ముప్పై మూడేళ్ళు వాల్వులు తిప్పి రిటైరయ్యాడు. ఏ వీధిలో ఏ వాల్వు ఎన్ని చుట్లు తిరుగుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అడగకపోయినా చెబుతాడు. అత్తయ్య పారాషూట్లు తయారుచేసే కర్మాగారంలో కుట్టుపని చేసింది. అక్కడ కుట్టడం, మడవడం, సంచిలో కూరి సీలు వెయ్యడం వరకే వాళ్ళ పని. ఆ గుడ్డ ఏ ఆకాశంలో విచ్చుకుంటుందో, ఎవరిని నేలకు దింపుతుందో కుట్టిన చేతులకు తెలియదు. విచ్చుకుంటే ఎవరూ ఉత్తరం రాయరు. విచ్చుకోకపోతేనే విచారణ వస్తుంది. ఇరవై ఏడేళ్ళలో ఒక్క విచారణా రాలేదు కాబట్టి అన్నీ విచ్చుకున్నట్టే లెక్క. కళ్ళారా మాత్రం ఆవిడ ఒక్కటీ చూడలేదు.

పైగా చివరగా కుట్టింది మామూలు పారాషూట్ కాదు. ఒక అంతరిక్ష నౌక ఎర్రటి గ్రహం మీదికి దూసుకుపోతుంటే దాన్ని వెనక్కి పట్టి ఆపవలసిన గుడ్డ. ఎనభై పలకలు, పద్దెనిమిది మంది ఆడవాళ్ళు, పదకొండు నెలలు. దాని నడినెత్తిన గాలి పోవడానికి ఒక గుండ్రటి రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రం అంచు కుట్టింది అత్తయ్య. ఉద్యోగంలో ఆఖరి వారాన ఆ అంచులో మూడు వేళ్ళ పొడుగు కుట్టు ఆవిడకు నచ్చలేదు. విప్పి మళ్ళీ కుట్టింది. విప్పినచోట సూది రెండుసార్లు దిగింది. రెండుసార్లు సూది దిగిన గుడ్డ ఎంతో కొంత బలం తగ్గుతుందని ఆవిడకు తెలుసు. తనిఖీ అధికారి భూతద్దం పెట్టి చూసి ముద్ర వేశాడు. ఆవిడ మనసు మాత్రం ముద్ర వెయ్యలేదు. అప్పటినుంచి మూడున్నరేళ్ళుగా ఆ మూడు వేళ్ళ కుట్టును తలచుకుంటూనే ఉంది. ఈ సంగతి మామయ్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ గుడ్డ విచ్చుకునేది ఈ రోజే, నౌక మీద ఉన్న కెమెరా దాన్ని ప్రపంచమంతటికీ చూపించబోతోంది.

ఎందుకైనా మంచిదని మామయ్య ఏడు గంటలకే కంప్యూటరు పెట్టి చూశాడు. అది కూతురు కాలేజీలో చేరినప్పుడు కొన్నది. కూతురి చదువు అయిపోయింది, పెళ్ళయిపోయింది, కూతురి కూతురు బడికి కూడా వెళుతోంది. కంప్యూటరు మాత్రం కుట్టుమిషను పక్కన అలాగే కూర్చుని ఉంది. మీట నొక్కి, పళ్ళు తోముకుని వస్తే తెర వెలిగింది. తెర మీద ఒక శాస్త్రవేత్త ఏదో చెప్పబోతూ నోరు తెరిచింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఆవిడ ముక్కు మీద ఒక సున్నా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

"ఏమండీ, అదేంటి అలా తిరుగుతోంది?" అంది అత్తయ్య గుమ్మంలోంచి.

"ఏం లేదు. ఆలోచిస్తోంది."

"పది నలభైకి కూడా ఆలోచిస్తూ ఉంటే?"

మామయ్య వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ అప్పటికే ఇస్త్రీ చీర కట్టుకుని ఉంది. మూడు గంటల నలభై నిమిషాలు ముందుగా! ఆ చీర చూశాక ఆయన వెంటనే బావమరిదికి ఫోన్ చేశాడు.

అత్తయ్య తమ్ముడు పన్నుల కార్యాలయంలో గుమాస్తా. కంప్యూటర్లు ఆయనకు వృత్తి కాదు, వ్యసనం. చుట్టాల ఇళ్ళలో ఆయన చెయ్యి పడని కంప్యూటరు లేదు, ఆయన చెయ్యి పడ్డాక మునుపటిలా పనిచేసినదీ లేదు. ఎనిమిదింటికల్లా స్క్రూడ్రైవర్ల సంచీతో దిగాడు.

"బావా, ముందు రోగం కనిపెట్టాలి. అక్కా, ఇందులో ఎన్ని పేజీలు తెరిచి పెట్టావో చూశావా? అరవై మూడు!"

"అవన్నీ పూల డిజైన్లురా. మూసేస్తే మళ్ళీ దొరకవేమోనని ఉంచాను."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు కిందటిసారి బాగుచేసి వెళ్ళినప్పట్నుంచి."

అరవై మూడింటినీ మూశాడు. శాస్త్రవేత్త నోరు మూసి మళ్ళీ తెరిచింది. అంతవరకు లాభమే. అప్పుడాయన బల్ల కింది పెట్టె విప్పి, లోపల ఫ్యానుకు చుట్టుకున్న ఎర్రదారాన్ని పట్టి లాగాడు. దారం వస్తూనే ఉంది. గుమ్మం దాకా వచ్చింది, వంటింటి దాకా వచ్చింది. ఇంత దారం మెడకు చుట్టుకుని కూడా ఆ యంత్రం ఇన్నేళ్ళు పనిచేసిందంటే మామయ్యకు దాని మీద గౌరవం పుట్టుకొచ్చింది. దుమ్ము మాత్రం ముగ్గురి మీదా పడింది.

"ఇప్పుడొకసారి ఆపి మళ్ళీ పెడితే గుర్రంలా పరిగెడుతుంది చూడు," అన్నాడు బావమరిది.

ఆపాడు, మళ్ళీ పెట్టాడు. తెర నీలంగా మారి, మధ్యలో తెల్లటి అక్షరాలు వచ్చాయి. మూడేళ్ళుగా పేరుకుపోయిన మార్పులను ఇప్పుడు చేసుకుంటున్నాననీ, దయచేసి ఆపవద్దనీ వాటి సారాంశం. కింద ఒక అంకె ఉంది. రెండు శాతం.

అప్పుడు సమయం తొమ్మిది. ముగ్గురూ ఆ అంకె వైపు పావుగంట చూశారు. మూడు శాతం అయింది.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు," అన్నాడు మామయ్య లేచి. "నువ్వు దీని సంగతి చూడు. నేను ప్రెషర్ సంగతి చూస్తా."

"ప్రెషరేంటి బావా?"

"ఒరే, మేడ మొత్తానికీ ఒకటే నెట్టు లైను. కింద మెట్ల దగ్గర పెట్టెలోకి వచ్చి నాలుగు వాటాలకీ చీలుతుంది. కింద మూడు కుళాయిలు బార్లా తెరిచి ఉంటే పై అంతస్తుకి నీళ్ళెక్కుతాయా? ముప్పై మూడేళ్ళు నేను చేసింది ఇదే."

బావమరిది నోరు తెరిచాడు గానీ, తప్పు పట్టడానికి అందులో ఏమీ దొరకలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషే ఆయన కూడా. అలాంటివాడికి ఈసారి బావ చెప్పిన కుందేలుకు నాలుగు కాళ్ళూ కనిపించాయి.

కింది వాటాలో దంతవైద్యశాల ఉంది. డాక్టరమ్మ ముసుగు కిందికి లాగి అంతా విని, నిట్టూర్చింది.

"ఒక్క గంట నెట్టు కట్టెయ్యడానికి నాకేం అభ్యంతరం లేదు మామయ్యగారూ. కానీ బయట కూర్చున్నవాళ్ళకి టీవీ ఆగిపోతుంది. టీవీ ఆగితే లోపల మిషను చప్పుడు వినబడుతుంది. అది వినబడితే ఒక్కళ్ళూ ఉండరు."

"అయితే వాళ్ళని మా ఇంటికి పంపండి. అక్కడే కూర్చుంటారు."

"అందరినీనా?"

"ఎంతమందేంటి?"

"అయిదుగురు. లోపల ఇంకొకాయన ఉన్నాడు. ఇప్పుడే మత్తు ఇచ్చాను, సగం మొహం మొద్దుబారింది. ఎక్కడ పన్ను పీకుతానో అని పారిపోతాడేమో, ఆయన్ని నేనే పట్టుకొస్తా."

మొదటి అంతస్తులో వయొలిన్ నేర్పే సంగీతం టీచరమ్మ ఉంటుంది. ఆవిడ ముందు నలుగురు శిష్యులు నేల మీద, ముగ్గురు ఫోన్లో ఉన్నారు.

"అత్తయ్యగారి పారాషూటా! అది గ్రహం మీద దిగుతోందా!" అని ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. "మేమందరం వస్తాం. ఫోన్లో ఉన్న ముగ్గురినీ కూడా తీసుకొస్తా. మా నెట్టు కట్టేస్తాను కదా, మీ నెట్టు పాస్‌వర్డు చెప్పండి."

మామయ్య మనసంతా మంచి పనిలో ఉంది. పాస్‌వర్డు చెప్పేశాడు. డాక్టరమ్మకూ చెప్పి వచ్చాడు. కింద కట్టిన కుళాయిలన్నిటినీ తన ఇంట్లోనే తెరుస్తున్నానన్న సంగతి, నీళ్ళ విషయమైతే ఆయనకు నిమిషంలో తెలిసేది.

రెండో అంతస్తులో మేడ సంఘం సెక్రటరీ ఉంటాడు. తలుపు మూడువేళ్ళ మేర తెరిచి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"కుదరదండీ. పది నుంచి పదకొండున్నర దాకా మా హెడ్డాఫీసు వాళ్ళతో మీటింగు. నా ప్రమోషను సంగతి తేలేది ఇవాళే. ఒక్క నిమిషం పోయినా నా కొంప మునుగుతుంది."

"మీ నెట్టు నేనేం చేస్తాను? అలాగే కానివ్వండి," అన్నాడు మామయ్య. అలా అన్నప్పుడు ఆయన నిజంగానే అన్నాడు. ఆ మాట ఆయనవైపు నుంచి చెప్పకపోతే అన్యాయం.

పది గంటల పది నిమిషాలకు అంకె అరవై ఒకటి. పదిహేనుకు డెబ్భై. అత్తయ్య ఇంకా కుర్చీలో కూర్చోలేదు. ఇంటినిండా జనం. చెంపలు వాచినవాళ్ళు సోఫాలో, వయొలిన్ల వాళ్ళు నేల మీద. ఆవిడ అందరికీ మంచినీళ్ళిస్తూ ఉంది, తాగినవాళ్ళకే మళ్ళీ ఇస్తోంది. మామయ్య అది చూశాడు. మెట్లు దిగి, అడుగున ఉన్న ఇనప పెట్టె తలుపు తీశాడు.

లోపల నాలుగు వైర్లు, వాటి పక్కన మిణుకు మిణుకుమంటూ నాలుగు దీపాలు ఉన్నాయి. ఆ ఆకుపచ్చ దీపాల వైపు ఆయన కాసేపు నోరు తెరిచి చూస్తూ నిలబడిపోయాడు. కోట్ల మైళ్ళ అవతలినుంచి బయల్దేరిన బొమ్మ మెట్ల కింద, చీపురు పక్కన ఉన్న ఈ డబ్బాలోంచి పైకి ఎక్కాలి! పెద్ద ఆనకట్ట గేటు దగ్గర మొదటిసారి నిలబడ్డప్పుడు కలిగిన భయంలాంటిదే మళ్ళీ కలిగింది. చెప్పులు విప్పి పక్కన పెట్టాడు.

తర్వాత ఒకటో వైరు లాగేశాడు. రెండోదీ లాగేశాడు. మూడోదాని దగ్గర చెయ్యి ఆగింది. సెక్రటరీ ప్రమోషను ఒకవైపు, పైన అత్తయ్య ఖాళీ కుర్చీ ఒకవైపు. అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు పాపం. చివరికి కళ్ళు మూసుకుని మూడోదీ లాగాడు.

నాలుగోది తమది. దాన్ని తీసి, ఊది, గట్టిగా లోపలికి తోశాడు. అక్కడితో వదిలేస్తే ఈ కథ ఉండేది కాదు. నీటి శాఖలో ఒక నియమం ఉంది. వాల్వును పూర్తిగా తెరిచాక అలా వదిలెయ్యకూడదు, పావు చుట్టు వెనక్కి తిప్పాలి. లేకపోతే బిగుసుకుపోయి, అవసరానికి కదలదు. ముప్పై మూడేళ్ళలో ఆయన ఆ నియమాన్ని ఒక్కసారీ తప్పలేదు. ఇప్పుడూ తప్పలేదు. నాలుగో వైరును గోరంత వెనక్కి లాగి, తృప్తిగా తలుపు వేసి పైకెక్కాడు. ఆ వైరుకు బిగుతుగా పట్టుకునే కొక్కెం ఎప్పుడో విరిగింది. అందుకని వైరు ఆయన వదిలినచోటే, సగం దిగి, ఉండిపోయింది.

పది ముప్పైకి అంకె నూరు అయింది. ముప్పై నాలుగుకు తెర వెలిగింది. ఇంటినిండా చప్పట్లు. పెద్ద హాలులో వరసగా కూర్చున్న శాస్త్రవేత్తలు కనిపించారు. అరక్షణం కదిలారు, ఆగిపోయారు. సున్నా తిరిగింది. ఇంకో అరక్షణం కదిలారు, మళ్ళీ ఆగిపోయారు.

"ఇదేంటి, పొద్దుటికంటే అన్యాయంగా ఉంది!" అన్నాడు బావమరిది తల పట్టుకుని. "బావా, అన్ని వాటాలూ కట్టేశావా?"

"మొత్తం కట్టేశాను. ప్రెషరంతా మనదే."

సరిగ్గా అప్పుడు తలుపు ధడేలున తెరుచుకుంది. సెక్రటరీ నిలబడి ఉన్నాడు. పైన కోటు, టై. కింద చారల నిక్కరు.

"ఎవరండీ నా నెట్టు పీకింది? ఎండీగారు నా పేరు చదవబోతుంటే తెర నల్లగా అయిపోయింది! పావుగంట నుంచి అన్నీ పీకి పెట్టి చూస్తున్నా! మామయ్యగారూ, మీరేనా? పెద్దమనిషని గౌరవిస్తుంటే..."

"తప్పే బాబూ, నూటికి నూరుపాళ్ళూ తప్పే. పది నిమిషాలు ఆగి తిట్టండి. మా ఆవిడ కుట్టిన పారాషూట్ విచ్చుకునే టైమయింది."

"పారాషూట్టా?" అని ఆయన ఆగాడు. కోపం ఒకవైపు, కుతూహలం ఒకవైపు. నిక్కరు సంగతి అప్పుడే గుర్తొచ్చి వయొలిన్ పెట్టె ఒకటి అడ్డం పెట్టుకున్నాడు. "సరే, పది నిమిషాలే. తర్వాత తిడతాను. మీ నెట్టు పాస్‌వర్డేంటి? మీటింగు ఫోన్లో వస్తుందేమో చూస్తా."

ఇంటిలో అప్పటికి పదిహేను ఫోన్లు అదే గొట్టాన్ని పీలుస్తున్నాయి. ఈ మాట బావమరిదికి తట్టింది. బకెట్ తెచ్చి అందరి ఫోన్లూ అందులో వేయించాడు. ఫోన్లు బకెట్లో ఉంటే నెట్టు తాగడం మానేస్తాయని ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. చివరికి ఒక్కరి చేతిలోనే ఫోన్ మిగిలింది. మొహం సగం మొద్దుబారిన ఆ రోగి బాల్కనీ దగ్గర నిలబడి, తన సొంత నెట్టుతో అదే ప్రసారం చూస్తున్నాడు. నోటినిండా దూది ఉంది కాబట్టి ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు.

"తమ్ముడూ, టైమెంత?" అంది అత్తయ్య. ఎట్టకేలకు కుర్చీలో కూర్చుంది.

"పది నలభై అక్కా. కానీ అక్కడ జరిగింది మనకి చేరడానికే పదకొండు నిమిషాలు పడుతుంది. అంటే అక్కడ ఎప్పుడో అయిపోయింది."

"అయిపోయిందా?" ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది. "అంటే తెగితే ఇప్పటికే తెగిపోయి ఉంటుందా?"

ఆ సంగతి గదిలో ఒక్కొక్కరికీ నెమ్మదిగా ఎక్కింది. ఏది జరగాలో అది జరిగిపోయింది. వార్త మాత్రం ఇంకా చీకట్లో ప్రయాణం చేస్తూ వస్తోంది. చెంప వాచిన ఒకావిడ చెంప పట్టుకోవడం కూడా మరిచిపోయింది. మామయ్య మెల్లగా అన్నాడు:

"అంత దూరం నుంచి పదకొండు నిమిషాల్లో వచ్చిందే! మన మెట్ల కింద నుంచి పైకి రావడానికి మొరాయిస్తోంది."

అంతలో బాల్కనీ దగ్గర్నుంచి "ఊఁ! ఊఁ!" అని అరుపు. రోగి ఫోను పైకెత్తి, రెండు చేతులూ ఊపుతూ, కళ్ళ వెంట ధారగా నీళ్ళు కారుస్తూ ఏదో చెప్పబోతున్నాడు.

"మాట్లాడకండి! దూది పడిపోతుంది!" అని గద్దించింది డాక్టరమ్మ.

"ఊఁ!" అన్నాడాయన, గాలిలో ఒక గుండ్రం చుట్టి చూపించి.

"ఏమైంది? విచ్చుకుందా? తెగిందా?" అన్నాడు సెక్రటరీ. రోగి తల అడ్డంగా ఊపాడు, నిలువుగా ఊపాడు, మళ్ళీ అడ్డంగా ఊపాడు. అత్తయ్య మొహం పాలిపోయింది. మామయ్య చప్పున వెళ్ళి ఆ మనిషి భుజాలు పట్టి వెనక్కి తిప్పేశాడు.

"వద్దు. ఏదైనా సరే, ఆవిడ కళ్ళతో ఆవిడే చూస్తుంది."

ఆయన మాట పూర్తయ్యేసరికి కంప్యూటరు తెర నల్లబడింది. అది మామూలు నలుపు కాదు, ఆకాశం. మధ్యలో చిటికెడు తెలుపు. అక్కడ ఆగిపోయింది. సున్నా తిరిగింది.

రెండో బొమ్మ వచ్చింది. చిటికెడు తెలుపు పొడుగ్గా సాగి తాడులా అయింది. ఆగింది.

మూడో బొమ్మలో తాడు చివర పిడికెడు నోరు తెరుచుకుంది. గుడ్డ మడతలు ఒక్కొక్కటి విడివిడిగా కనిపిస్తున్నాయి. అత్తయ్య కుర్చీలోంచి లేచింది. తెర దగ్గరికి వెళ్ళి, చూపుడు వేలితో తాకీ తాకకుండా ఆ మడతల మీద రాసింది.

"ఇలాగే మడిచాం," అంది ఎవరితోనో. "మోకాళ్ళ మీద కూర్చుని, మూడు రోజులు. ఇదిగో, మడత మడిచినట్టే ఉంది."

నాలుగో బొమ్మ. గాలి ఒక పక్కన దూరింది. పలకలు వరసగా ఉబ్బుతున్నాయి, నారింజ రంగుది, తెల్లది, మళ్ళీ నారింజ రంగుది. సున్నా తిరుగుతూనే ఉంది. ఎవరికీ దాని మీద కోపం రాలేదు.

"ఈ తెల్లపలక మా ఎడమచేతివాటం ఆవిడ కుట్టింది. ఆవిడ కుట్టు ఎప్పుడూ కొంచెం లోపలికి వంగుతుంది. సూపర్‌వైజరు రోజూ తిట్టేది. చూడండి, ఎలా పట్టుకుందో! ఆ పక్కది మా పొట్టావిడది. ఆవిడ పోయి ఏడాదిన్నర అయింది." అత్తయ్య వేలు ఆ పలక దాటలేదు. "ఇంకో లోకంలో ఆవిడ కుట్టు నిలబడి ఉంది చూడండి."

సెక్రటరీ వయొలిన్ పెట్టె కింద పెట్టేశాడు. టీచరమ్మ ఫోన్లో ఉండవలసిన ముగ్గురు శిష్యులు బకెట్లోంచి "టీచర్, వినబడుతోందా?" అని అడుగుతున్నా ఆవిడకు వినబడలేదు.

అయిదో బొమ్మకు అందరి ఊపిరీ ఆగింది. సగం గుడ్డ పువ్వులా విచ్చుకుంది, మిగతా సగం లోపలికి ముడుచుకుపోయి ఉంది. సున్నా ఈసారి ఎంతకీ ఆగలేదు. పది లెక్కపెట్టేంతసేపు, ఇరవై లెక్కపెట్టేంతసేపు. అత్తయ్య చెయ్యి వెనక్కి వచ్చి మామయ్య చెయ్యిని వెతుక్కుంది. ఆయన పట్టుకున్నాడు. ఆనకట్టల దగ్గరా, వరదల్లోనూ నిలబడ్డ మనిషికి ఆ ఇరవై లెక్కలూ దాటడానికి ప్రాణం కడబట్టింది.

ఆరో బొమ్మలో ముడుచుకున్న సగం లేచింది.

ఏడో బొమ్మలో అది నిండుగా విచ్చుకుంది. ఎనభై పలకలూ బిగుసుకుని, అంచు నుంచి అంచుకు గుండ్రంగా తెరంతా నిండిపోయింది. నడినెత్తిన రంధ్రం, అందులోంచి మనుషులెవరూ ఏనాడూ నిలబడి చూడని ఒక ఆకాశం. అక్కడ బొమ్మ ఆగింది. కదలలేదు. అది కదలకుండా ఉండాలని ఇంటిల్లిపాదీ కోరుకోవడం పొద్దుటినుంచి అదే మొదలు.

అత్తయ్య ఆ రంధ్రం చుట్టూ వేలు తిప్పింది. ఒకచోట వేలు ఆపింది.

"నేను రెండోసారి కుట్టింది ఇక్కడే. ఇక్కడ తెగితే గుండ్రంగా ఉండదు. కోలగా సాగిపోతుంది." ఆవిడ తల పక్కకు వంచి, కళ్ళు చికిలించి, ఆ తనిఖీ అధికారి కూడా చూడనంత సేపు చూసింది. "గుండ్రంగానే ఉందండీ."

"ఉంది," అన్నాడు మామయ్య.

అప్పుడు అత్తయ్య వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని హాయిగా ఏడ్చింది. మూడున్నరేళ్ళ ఏడుపు అది. డాక్టరమ్మ ఏడ్చింది, టీచరమ్మ ఏడ్చింది. సెక్రటరీ టైతో కళ్ళు తుడుచుకున్నాడు. ఎప్పుడో కుట్టుమిషను ముందు తలవంచుకుని కూర్చున్న పద్దెనిమిది మంది ఆడవాళ్ళ చేతిపని మరో గ్రహం గాలిని గుప్పిట పట్టింది. దాన్ని ఇంత దగ్గరగా, ఇంత తీరిగ్గా చూడడం ఎవరికి దక్కుతుంది?

బావమరిదికి మాత్రం ఆగిపోయిన బొమ్మను చూస్తే చేతులు ఊరుకోవు. ఎప్పుడు దిగాడో మెట్లు దిగి కిందికి వెళ్ళాడు. కాసేపట్లో కిందనుంచి కేక వినబడింది.

"బావా! మన వైరు సరిగ్గా దిగనే లేదు! కొంచెం బయటికి లాగి పెట్టారు! ఎవరు చేసిన పనిది?"

"నేనే!" అన్నాడు మామయ్య మెట్ల మీదికి వంగి. "పావు చుట్టు వెనక్కి తిప్పకపోతే బిగుసుకుపోతుందిరా!"

కింద టిక్కుమని చప్పుడు. పైన కంప్యూటరు ఒక్క ఉదుటున లేచింది. సున్నా మాయమైంది. నౌక దిగింది, శాస్త్రవేత్తలు ఎగిరారు, కౌగిలించుకున్నారు, కాగితాలు గాలిలోకి విసిరారు. అంతా నీళ్ళలా గలగలా పారింది.

"ఆహా! ఇప్పుడు బ్రహ్మాండంగా వస్తోంది," అన్నాడు సెక్రటరీ. "ఆ విచ్చుకోవడం ఒక్కసారి మళ్ళీ వెయ్యండి. ఈసారి ఆటంకం లేకుండా చూద్దాం."

బావమరిది పైకొచ్చి వెనక్కి తిప్పి వేశాడు. నల్లటి ఆకాశం, చిటికెడు తెలుపు, తెరనిండా పారాషూట్. అయిపోయింది. ఎవరో తుమ్మబోయి ఆగినంత సేపు కూడా పట్టలేదు.

"ఇంతేనా?" అన్నారు అందరూ ఒక్కసారే.

మళ్ళీ వేశాడు. మళ్ళీ అంతే.

అప్పటికి రోగి నోటికి కొంచెం స్పర్శ వచ్చింది. దూది తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అదేనండీ నేను మొత్తుకుంది! నా ఫోన్లో అది గుప్పుమంది, అయిపోయింది. నేనప్పుడే రెప్ప వేశాను. ఏం జరిగిందో మీకేమన్నా తెలుసా అని అడుగుతుంటే ఒక్కళ్ళూ చెప్పరే! పైగా ఈయన నన్ను గోడవైపు తిప్పేశాడు!"

"మరి ఏడ్చారెందుకండీ?" అంది టీచరమ్మ.

"పన్ను నొప్పికి. మత్తు అప్పుడే దిగడం మొదలైంది."

ఎవరి ఫోన్లు వాళ్ళు బకెట్లోంచి ఏరుకుని, ఎవరి నొప్పులు వాళ్ళు గుర్తుచేసుకుని, ఒక్కొక్కరే దిగిపోయారు. సెక్రటరీ తిట్టడం మరిచిపోయి వెళ్ళి, మొదటి మెట్టు మీదనుంచి వెనక్కి వచ్చి రెండు మాటలు తిట్టి మరీ వెళ్ళాడు. బావమరిది అందరి వైర్లూ మళ్ళీ బిగించి, తానే అంతా బాగుచేశానని చెప్పుకోవడానికి ఇంకో చుట్టాల ఇంటికి బయల్దేరాడు.

ఇల్లు ఖాళీ అయ్యాక మామయ్య నేలమీది దూది ఏరుతూ ఉన్నాడు. అత్తయ్య కంప్యూటరు ముందే కూర్చుని ఉంది. పారాషూట్ మళ్ళీ వేసింది. గుప్పుమంది, అయిపోయింది. ఇంకోసారి వేసింది. గుప్పుమంది, అయిపోయింది. ఆవిడ కాసేపు ఆలోచించి కుర్చీ వెనక్కి తిప్పింది.

"ఏమండీ."

"ఊఁ?"

"మీరు ఇందాక కింద చేసి వచ్చారు చూడండి, అది మళ్ళీ ఒకసారి చేసి రండి."

పెళ్ళయిన ముప్పై ఎనిమిదేళ్ళలో ఆయన చేసిన మరమ్మతును ఆవిడ రెండోసారి చెయ్యమని అడగడం అదే ప్రథమం.